రెబ్కా చెయ్యి

“ఈ అమ్మాయి సూది వెయ్యడానికి వీల్లేదు. రెబ్కానే రావాలి!” అంటూ జానకమ్మ, కొడుకు పృథ్వీరాజ్ మంచానికి అడ్డంగా నిలబడింది.

సిరంజి పట్టుకున్న నర్సు అనుగ్రహ బిత్తరపోయి డాక్టర్ రఘునందన్ వైపు చూసింది. ఆయనకు ఒళ్లు మండిపోయింది. పొద్దున నోయిడాలో ఆఫీసు క్యాబ్ బోల్తాపడి పృథ్వీరాజ్ వెన్నుపాము దెబ్బతింది. రెండు కాళ్లూ కదలడం లేదు. తాను పరీక్షిస్తున్న కొత్త మందు సాయంత్రంలోగా పడాలి. ఆలస్యమైతే వేసీ దండగే.

“రెబ్కా డ్యూటీ దిగి వెళ్లిపోయిందమ్మా. ఎవరు వేస్తే ఏమిటి?”

“పొద్దున ఆ పిల్ల సూది గుచ్చగానే వీడు కళ్లు తెరిచాడు బాబూ. ఆమెది మంచి హస్తవాసి.”

“పనిచేసేది మందు. చెయ్యి కాదు!”

“ఆ సీసాలో ఉన్నది మందో కాదో మీకే తెలీదన్నారుగా?”

డాక్టరు సీసా వంక చూశాడు. నిజమే మరి. పరీక్షలో సగంమందికి మందు, సగంమందికి ఉత్త సెలైన్ నీళ్లు. ఏ సీసాలో ఏముందో పరీక్ష ముగిసేదాకా డాక్టరుకూ తెలియదు, నర్సుకూ తెలియదు. ఆ సంగతి చెప్పి తల్లీకొడుకులను ఒప్పించింది తనే.

“ఆంటీ, టైమ్ నికల్ రహా హై,” అని గడియారం చూపించింది ఢిల్లీలోనే పుట్టి పెరిగిన అనుగ్రహ.

“అమ్మా, తప్పుకోవే,” అన్నాడు పృథ్వీరాజ్ నీరసంగా. జానకమ్మ కదిలితేనా!

చివరికి ఫోను చేశారు. కరోల్ బాగ్‌లో మెట్రో దిగిన రెబ్కా ఎదురు రైలెక్కి పరుగున వచ్చింది. కళ్లు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థించి సూది వేసింది.

“కంగారు పడకండి ఆంటీ, దేవుడున్నాడండి.”

“అచ్ఛా, అయిందా మీ పూజ?” అని విసుక్కున్నాడు డాక్టరు.

కొన్నాళ్లకు పృథ్వీరాజ్ కాలి బొటనవేలు కదిలింది. తర్వాత మోకాలు వంగింది. ఎండాకాలం వచ్చేసరికి వాకరు కూడా వదిలేశాడు. జానకమ్మ సరోజినీ నగర్ బజారంతా గాలించి రెబ్కాకు చీర తెచ్చింది.

రఘునందన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. “చూశారా నా మందు! సెలైన్ నీళ్లకు ఎవడైనా లేచి నడుస్తాడా?” అన్నాడు కనబడ్డవాళ్లందరితో. కొన్ని దెబ్బలు వాపు దిగాక వాటంతటవే నయమవుతాయని క్లాసులో పాఠం చెప్పేదీ ఆయనే. ఇల్లు అలకగానే పండగైపోయిందాయనకు.

పరీక్ష మొదటి విడత ముగిసింది. సీసాల చిట్టా దాచినవాళ్లు ఎవరికి ఏది ఇచ్చారో ఫోనులో చదివి చెబుతున్నారు. పృథ్వీరాజ్ పేరు రాగానే ఆయన గర్వంగా ముందుకు వంగాడు.

“ఉత్త సెలైన్, సార్.”

“మళ్లీ చూడండి!”

మళ్లీ చూశారు. సెలైనే.

రెండో విడత మొదలైన రోజు, మెట్లమీంచి పడి నడుం విరిగిన ఒకాయనను తీసుకొచ్చారు. అనుగ్రహ కొత్త సీసా విప్పి, సిరంజి నింపి మంచం దగ్గరికి వెళ్లింది. ఇంతలో డాక్టర్ రఘునందన్ గబగబా వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

చుట్టూ ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

“రెబ్కా డ్యూటీలో ఉందా?”