గూటికి కొత్త తలుపు

"నిన్న సాయంత్రం గూటి తలుపు ఎవురు వేసినారు?"

పెరట్లోంచి భర్త రాయ్ గొంతు వినగానే సెలీన్ టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. కోళ్ళ గూటి తలుపు బార్లా తెరిచి ఉంది. వీధిలైటు వెలుగులో గూటి ముందంతా ఈకలు. కంచె దాకా నెత్తుటి చార. మళ్ళీ బావురుపిల్లి వచ్చిపోయింది. ఈసారి ఎర్రపెట్టను ఎత్తుకుపోయింది.

సెలీన్ గుర్తు చేసుకోబోయింది. గడియ పెట్టినట్టే ఉంది. అది నిన్నటి సంగతో మొన్నటిదో మాత్రం తేలలేదు. బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీ పని ఆమెది. చీకటితో రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే దిగడం. ఇల్లు చేరాక కోళ్ళ గూడు మూయడం, వంట, గిన్నెలు, అన్నీ కళ్ళు మూతలు పడుతుండగానే జరిగిపోతాయి.

ఆమె నోరు తెరిచేలోగా గడప దగ్గర దగ్గు వినిపించింది.

"నేనే రా అబ్బయ్యా," అన్నాడు మామ ఏసురత్నం. "కోళ్ళు గోల చేస్తాంటే పోయి తీసి చూసినాను. మళ్ళా గడియ పెట్టేది మరిచిపోయినాను."

"పోయిన నెల కూడా ఇదే మాట చెప్పినావు గదా నాయనా!"

ఏసురత్నం తల వంచుకున్నాడు. బంగారు గనిలో పనిచేసి, మూతపడే రోజు దాకా కిందికి దిగిన మనిషి. ఆ దుమ్ము ఇంకా ఊపిరితిత్తుల్లోనే ఉంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

రాయ్ భార్యను పక్కకు పిలిచాడు. స్కూలు వ్యాను తోలే మనిషి, పొద్దున్నే గొడవ పడే తీరిక లేదు.

"ఈ పొద్దు గూడు మరిచినాడు. రేపు గ్యాసు మరిస్తే? పగలంతా ఇంట్లో ఒక్కడే ఉంటాడు. కోలారులో చర్చి సిస్టర్లు నడిపే ముసలోళ్ళ ఇల్లు ఉండాది, అడిగి చూస్తాను. వద్దంటే నువ్వు పని మానేసి ఇంట్లో ఉండు."

పని మానేస్తే వ్యాను జీతం ఒక్కదానితో ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు. సెలీన్‌కు ఎక్కువ వాదించే ఓపిక లేదు.

"గూటి తలుపు కోసం కన్నతండ్రిని పంపిచ్చేస్తారా? మామ యాడికీ పోడు, నేనూ మానను. ఆ తలుపునే మారుస్తాం," అని రైలుకు పరుగెత్తింది.

ఆదివారం చర్చి అయ్యాక మామను వెంటబెట్టుకుని రాబర్ట్‌సన్‌పేట బజారుకు వెళ్ళింది. కోళ్ళకు కావలసిన సామాను అమ్మే హేమంత్ వాటంతట అవే మూసుకునే రెండు తలుపులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది వెలుతురు చూసి పనిచేస్తాదక్కా. తెల్లారితే పైకి లేస్తాది, పొద్దుగూకితే దిగుతాది. ఇంగొకటి టైమరుది. మనం ఏ టైము పెడితే ఆ టైముకి."

"మా పెరటి పక్కనే వీధిలైటు ఉండాది," అంది సెలీన్.

"అయితే మొదటిది వద్దు. రాత్రంతా పగలనుకొని తెరుచుకొనే ఉంటాది."

"కరెంటు పోతే?" ఏసురత్నం అడిగాడు.

"బ్యాటరీ ఉండాది తాతా."

"దిగేటప్పుడు కింద కోడి ఉంటే నలిగిపోదా?"

హేమంత్ తలుపు కింద చెయ్యి పెట్టాడు. తలుపు చేతికి తగలగానే ఆగి, వెనక్కి లేచింది. ముసలాయన నమ్మలేదు. తన చెయ్యి కూడా పెట్టి చూశాకే తల ఊపాడు.

"చీకటి పడినంకా కొంచేపు ఆగి దిగేటట్టు పెట్టప్పా. ఆలస్యంగా వచ్చేవీ ఉంటాయి. అవి బయట పడిపోకూడదు."

ఇన్ని సంగతులు ఆలోచించే మనిషి గడియ మరవడమేమిటని సెలీన్‌కు ఒక్క క్షణం అనిపించింది. వయసు మరి, అనుకుంది.

హేమంతే వచ్చి తలుపు బిగించి వెళ్ళాడు. మొదట్లో ఆ చప్పుడుకు కోళ్ళు బెదిరాయి. ఒక కుర్రపెట్ట లోపలికి పోనని గూటి పైకెక్కి కూర్చుంది. ఏసురత్నం సాయంత్రం పూట ఆయాసపడుతూనే వెళ్ళి లోపల నూకలు చల్లాడు. కొన్నాళ్ళకు అన్నీ అలవాటు పడ్డాయి. బావురుపిల్లి కంచె దాకా వచ్చినా, ఒక్క కోడీ పోలేదు.

అయినా రాయ్ భయం తగ్గలేదు.

"గూటికి తలుపు పెట్టినాము. గ్యాసుకేం పెడతాము? ముందు డాక్టరుకు చూపించాల. లేకుంటే ఆ సిస్టర్ల దగ్గరికే."

ఇంకో ఆదివారం సాయంత్రం సెలీన్ పెరటి మెట్ల మీద మామ పక్కన కూలబడింది. కోళ్ళన్నీ లోపలికి చేరాయి. మోటారు సన్నగా మూలిగింది. తలుపు మెల్లగా దిగి మూసుకుంది.

"రేపు లీవు పెట్టినాను మామా. బెంగళూరు పోదాం. మతిమరుపుకి మంచి డాక్టరు ఉండాడంట."

"లీవిచ్చినారా?"

"యాడ? ఇంగొక్క దినం రాకుంటే మళ్ళా రావద్దన్నాడు సూపర్‌వైజరు. పోతే పోనీ. మిమ్మల్ని యాడికో పంపించి నేను రైలెక్కలేను."

ఏసురత్నం ఒకసారి వెనక్కి తిరిగి, కొడుకు వీధిలో వ్యాను కడుగుతున్న చప్పుడు విన్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు.

"రేపు పనికి పో. నాకు డాక్టరు వద్దు."

"అట్లంటే ఎట్ల మామా? మీకు నయం కావద్దా?"

"వాడికి మాత్రం చెప్పొద్దు. నీ పని మాన్పిస్తాడు."

"ఏంది మామా?"

"గడియ మరిచింది నేను కాదు తల్లీ."