తలలూపే బోర్డు

"మన అడవి చెరువు బోర్డులో అన్ని జాతులూ ఉండాలి, అర్హతా ఉండాలి" అని మృగరాజు హుకుం జారీ చేశాడు.

మంత్రి నక్క గంగిరెద్దునూ, తొండనూ, పావురాన్నీ తెచ్చి వరసగా నిలబెట్టింది. "నడిచేది, పాకేది, ఎగిరేది. అన్ని జాతులూ వచ్చేశాయి ప్రభూ."

"మరి అర్హత?"

"ఏదైనా అడిగి చూడండి."

"చెరువులో దిగి నీళ్లు తాగొచ్చా?" అన్నాడు మృగరాజు. మూడు తలలూ ఒకేసారి కిందికీ పైకీ ఊగాయి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

బోర్డులో చోటు అడగడానికొచ్చిన, ఆ చెరువులోనే పుట్టి పెరిగిన తాబేలు మాత్రం తల అడ్డంగా ఊపింది. "దిగకండి దొరా, అడుగంతా ఊబి."

"తల ఊపడం కూడా చేతకాదు, దీనికి బోర్డు కావాలట!" అంటూ మృగరాజు దర్జాగా దిగి, మెడదాకా కూరుకుపోయాడు.

"బాబ్బాబూ, నన్ను బయటికి లాగుతారా?" అని గావుకేక పెట్టాడు.

బోర్డు ఏకగ్రీవంగా తల ఊపింది. ఊపుతూ ఒడ్డునే నిలబడింది.