నంది ఉన్న ఇల్లు

"నంది ఉండే ఇల్లంటే ఇదేనా అక్కా?"

నీళ్ల ట్యాంకు, ప్రెషర్ మిషను ఎక్కించిన ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. అందులోంచి ఖాదర్ బాషా తల బయటపెట్టి అడిగాడు. నంద్యాల నుంచి వస్తున్నాడు. ఇళ్లూ మిద్దెలూ మిషనుతో కడగడం అతని పని. ఆటో నడుపుతున్న అమానుల్లా అతని బావమరిది.

మిద్దె మీద చీపురుతో నిలబడి ఉన్న గోవిందమ్మ ఆటోను చూసింది, మిషను చూసింది. చీపురు అక్కడే పడేసి మెట్లు దిగింది.

"కనపల్లేదా నంది? ఇంతసేపా అన్నా వచ్చేది!"

"తొమ్మిదంటే తొమ్మిదికే వచ్చినాం గదక్కా. ఇల్లు తెలీక ఫోన్ చేద్దామనుకుంటాండా."

"మనిషి ఎదురుగ్గా నిలబడింటే ఫోనెందుకు? తొందరగా మొదలుపెట్టండి."

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధి అది. ఆ ఇల్లు చూస్తే ఎవరికైనా కడగాలనిపిస్తుంది. గోడలు, మిద్దె, కిటికీ చువ్వలు, అన్నిటికీ రాతిపొడి పట్టి బూడిద పూసుకున్నట్టున్నాయి. ఎదురుగా నాగలింగం మేస్త్రి షెడ్డు. అందులో రాయి కోసే మిషను పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆగదు. మేస్త్రి మాత్రం ఇల్లు హైవే అవతల కట్టుకున్నాడు. తెలివైనవాడు.

గోవిందమ్మ మొగుడు శ్యాంసుందర్ ఆ షెడ్డులో పద్దెనిమిదేళ్లు ఉలి పట్టాడు. ఆ పొడి ఇప్పుడు ఊపిరితిత్తుల్లో చేరింది. పదహారు రోజులుగా నంద్యాల ఆస్పత్రిలో ఉన్నాడు. ఈ రోజు పంపిస్తున్నారు. గోవిందమ్మ తమ్ముడు నాలుగింటికల్లా కారులో తీసుకొస్తాడు. ఇంట్లో దుమ్ము ఉంటే మాత్రం తీసుకుపోవద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఊడిస్తే లేస్తుంది, నీళ్లతో కడగాలన్నాడు. ఇంకోసారి ఆ పొడి పీలిస్తే తన చేతిలో లేదన్నాడు.

కుళాయి రెండు రోజులకోసారి వచ్చే వీధిలో మిద్దెను బిందెలతో కడగడం ఎలాగో ఆయన చెప్పలేదు.

మిషను మోత మొదలైంది. రాయి కోసే హోరులో అదీ కలిసిపోయింది. గోడల మీంచి పాలలాంటి నీళ్లు కారి కాలువలోకి పోతున్నాయి. గోవిందమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మిద్దె ఎక్కుతుంది, దిగుతుంది, వీధి మలుపు దాకా వెళ్లి చూసి వస్తుంది. కూర్చోమని ఖాదర్ రెండుసార్లు చెప్పి మానుకున్నాడు.

పదింటికి అతని జేబులో ఫోను మోగింది. చేతిలో నీళ్లు చిమ్మే గన్ను దించేలోపే గోవిందమ్మ చెయ్యి చాపింది.

"ఇటియ్యన్నా, తడిసిపోతాది. లోపల పెడతా."

"ఎవురో చూసి ఇస్తానుండక్కా."

"ఎవురైతేనేం? నువ్వు మాట్లాడతా నిలబడితే ఆడ నాలుగైపోతాది. నా మొగునికి ఊపిరాడదన్నా!"

ఆ మాటకు ఖాదర్ ఫోను ఇచ్చేశాడు. తడిసిన ఫోన్లను బియ్యంలో పెడతారని అందరికీ తెలుసు. గోవిందమ్మ తడవక ముందే పెట్టింది. డబ్బా అడుగుకంటా దూర్చి, మూత బిగించి, మూత మీద రుబ్బురోటి పొత్రం పెట్టి వచ్చింది.

"వంటింటి రేకులు గూడా కడగన్నా."

"మిద్దెకు, గోడలకే దుడ్లు పంపినారక్కా. రేకులు లెక్కలో లేవు."

"రేకులకు నేను వేరే ఇస్తాలే."

మధ్యాహ్నం షెడ్డులోంచి ఒకతను బీడీ వెలిగించుకుంటూ బయటికొచ్చాడు. "ఏందీ గోవిందమ్మా, మిషను పెట్టి కడిగిస్తాండావ్?"

"మా తమ్ముడు పంపినాడు," అందామె. అతను లోపలికి వెళ్లేదాకా ఆమె షెడ్డు మీంచి కళ్లు తిప్పలేదు.

"ఏమక్కా అంత దడ? నెల ముందర ఒప్పుకున్న పని, సగంలో వదిలిపెట్టి పోతామా?" అన్నాడు ఖాదర్ బాషా.

గోవిందమ్మ గోడ గడియారం చూడ్డానికి మళ్లీ లోపలికి పోయింది.

మూడున్నరకు నంది ఒక్కటే మిగిలింది. శ్యాంసుందర్ తన ఇంటికని చెక్కుకుంటూ ఒక చెవి దగ్గర ఆపేసిన నంది అది. ఖాదర్ గన్ను జోరు తగ్గించి దాన్నీ కడిగాడు. పొడి పోయి నల్లరాయి బయటపడింది.

నాలుగూ పదికి కారొచ్చింది. గోవిందమ్మ తమ్ముడి భుజం పట్టుకుని శ్యాంసుందర్ దిగాడు. బాగా చిక్కిపోయాడు. తడిగోడ దగ్గర ఆగి, వేలితో రాసి, వేలు చూసుకున్నాడు. ఏమీ అంటుకోలేదు.

"మన ఇల్లేనా ఇది?"

"మన ఇల్లే. గట్టిగా గాలి పీల్చు."

పీల్చాడు. ఇద్దరూ దగ్గు కోసం ఎదురుచూశారు. రాలేదు. గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఆటో కదిలేముందు ఆమె బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, కొంగుతో తుడిచి, రేకుల డబ్బుతో కలిపి ఖాదర్ చేతిలో పెట్టింది. పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"నన్ను తిట్టుకోవద్దన్నా."

"ఎందుకు తిట్టుకుంటామక్కా? ఇంటాయన కోసమే గదా తొందర పెట్టింటివి," అన్నాడతను.

హైవే ఎక్కాక ఖాదర్ బాషా ఫోను తెరిస్తే, ఇరవై మూడు మిస్డ్ కాల్స్ కింద నాగలింగం మేస్త్రి పెట్టిన మెసేజ్ ఒకటి ఉంది: "ఏమప్పా, నెల ముందరే దుడ్లు పంపిస్తిని, నంది ఉండే ఇల్లని గుర్తు గూడా చెప్తిని, పొద్దున్నించి మా ఇంటి గేటుకాడ కాసుకోనుండా, యాడుండావ్?"