సాయంత్రాల ఉపవాసం

"అది మానేసే వస్తువు కాదమ్మా," అన్నారు పాస్టరుగారు, నవ్వాలో వద్దో తేల్చుకోలేక.

భస్మ బుధవారం ఆరాధన అయిపోయింది. నుదుటి మీద బూడిద గుర్తుతో జనం ఒక్కొక్కరే ఆయన దగ్గరికి వచ్చి, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఈ శ్రమకాలంలో తాము ఏం మానేస్తున్నారో చెప్పి, ప్రార్థన చేయించుకుని వెళ్తున్నారు. ఒకరు మాంసం అన్నారు, ఒకరు సినిమాలు అన్నారు. ఒకాయన, భార్య మోచేత్తో పొడిస్తే, సిగరెట్లు అన్నాడు. టైలరమ్మ వంతు వచ్చేసరికి, "తమ్ముడి ఫోను కోసం ఎదురుచూడ్డం మానేస్తానయ్యగారూ" అంది.

"ఏ మాంసమో, కాఫీయో చెప్పకూడదా?"

"మాంసం అరగదు. కాఫీ డాక్టరెప్పుడో మాన్పించాడు. సినిమాకి తోడెవరు? మానడానికి నా దగ్గర మిగిలింది అదొక్కటేనండీ."

పాస్టరుగారి నవ్వు ఆగిపోయింది. "ఇంకా మాటల్లేవా మీ ఇద్దరికీ?"

"అమ్మను సమాధి చేసిన రోజు మాటా మాటా అనుకున్నాం, అంతే. సాయంత్రం కుట్టుమిషను ఆపితేగానీ నాకు ఇంట్లో ల్యాండ్‌ఫోను మోగేది వినబడదని వాడికి తెలుసు. అందుకే దీపాలు వేసే వేళకి రోజూ దాని పక్కన కూర్చుంటా. అది మోగదు, నేను లేవను."

"పోనీ, మీరే చెయ్యొచ్చుగా?"

"నేనా? నేను పెద్దదాన్నండీ! వాడే చెయ్యాలి."

"అయితే మానాల్సింది ఎదురుచూపు కాదేమోనమ్మా," అన్నారాయన మెల్లగా. ఆ మాట ఆమె చెవిన పడిందో లేదో. వెనకున్నవాళ్లు తొందరపెడుతున్నారు. తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి పంపించేశారు.

అసలే మొండిఘటం. మాట ఇచ్చిందంటే ఇచ్చిందే. ఇంట్లో ఉంటే కాళ్లు వాటంతటవే ఫోను దగ్గరికి పోతాయని, మిషను ఆపీ ఆపగానే తలుపుకు తాళం వేసి చర్చికి వచ్చేసేది. శ్రమకాలమంతా అక్కడ రోజూ సాయంకాల ప్రార్థన ఉంటుంది. మొదటి బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడేది. అందరూ వెళ్లిపోయాక పాటల పుస్తకాలు సర్దేది. దీపాలార్పే ముసలాయన, "అమ్మా, ఇక నేనూ ఇంటికి పోవాలి" అనేదాకా కదిలేది కాదు. ఇంటికొచ్చి, ఫోను వైపు చూడకుండా పొద్దుటి అన్నమే తిని పడుకునేది.

"ఇంత భక్తి ఎప్పట్నుంచి?" అని వేళాకోళమాడారు తోటి ఆడవాళ్లు.

"మా ఇంట్లో ఫ్యాను పాడైందిలే," అంది.

ఒంటరితనం తగ్గిందా అంటే, తగ్గలేదు. ఇంట్లో కూర్చునేది కాస్తా నలుగురి మధ్యకొచ్చి కూర్చుంది, అంతే తేడా.

ఈస్టర్ రానే వచ్చింది. ఉదయం ఆరాధన కాగానే పిల్లాపాపలతో ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల ఒంటిమీది కొత్తబట్టల్లో సగం ఆమె కుట్టినవే. "పండుగపూట ఒక్కరే ఏం తింటారు, మా ఇంటికి రండి" అని ఎవరైనా అంటారేమోనని, గేటు దగ్గర చెప్పు పట్టీ సర్దుకుంటూ కాస్త ఆలస్యం చేసింది. ఎవరూ అనలేదు.

సాయంత్రం ప్రార్థన లేదు, చర్చికి తాళం. దీక్ష ముగిసింది కాబట్టి దర్జాగా వెళ్లి మళ్లీ ఫోను పక్కన కూర్చుంది. చీకటి పడింది. మోగలేదు. ఇన్నాళ్లూ పట్టించుకోనందుకు ఇది కూడా తన మీద అలిగిందేమో అనిపించి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. పెద్దరికం మంచిదే, కాదనలేదు. కానీ అది పక్కన కూర్చుని కబుర్లు చెప్పదు కదా! ఇక తట్టుకోలేక ఫోనెత్తి తమ్ముడి నంబరు నొక్కింది. వేళ్లు ఆ నంబరు మరిచిపోలేదు.

మరదలు ఎత్తింది. "ఎవరూ... వదినా? మీరేనా!"

"నేనేనమ్మా. పండుగ కదా... వాణ్ణోసారి పిలువు. తప్పు నాదేనని చెప్తా."

అటువైపు రిసీవరు పక్కన పెట్టిన చప్పుడైంది. గుసగుసలు. మధ్యలో ఒక దగ్గు. అది తమ్ముడిదేనని గుర్తుపట్టి, కళ్లు తుడుచుకుని నిటారుగా కూర్చుంది. చాలాసేపటికి మళ్లీ మరదలి గొంతే వచ్చింది.

"రానంటున్నారు వదినా. ఎలాగైనా అక్కతో మాట్లాడాలని దీక్షపట్టి, శ్రమకాలమంతా రోజూ సాయంత్రం మీకు ఫోన్ చేశారాయన. ఒక్కరోజైనా ఎత్తారా మీరు?"