ముఖం లేని రీలు

షేవింగు బ్లేడును కాగితంలో చుట్టి సగానికి విరిచాడు ముసలి సినిమా ఆపరేటరు. చెక్కముక్క మీద రెండు సన్న మేకులు దిగ్గొట్టి, తలలు కత్తిరించి, ఫిల్ము చిల్లుల్లో సరిగ్గా పట్టేదాకా ఆకురాయితో అరగదీశాడు. పక్కన టేపు చుట్ట. ఫిల్ము అతికే పనిముట్టు తయారైంది. అంగట్లో కొనాలంటే తల తాకట్టు పెట్టాలి. దీనికి కాఫీ ఖర్చు కూడా కాలేదు.

"ఫిల్ము అతికే అసలు మిషన్ని పాత ఇనుముకింద వేసేసి, ఇప్పుడీ వడ్రంగమా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అంది భార్య. "ఒకప్పుడు జేబులో బ్లేడు లేకుండా గడప దాటేవారు కాదు. ఉన్నట్టుండి మానేశారు. ఎవరు రీలు తెచ్చినా పొమ్మన్నారు. ఈ పిల్ల ఏం మందు పెట్టిందో!"

ఆయన టేపు చుట్ట విప్పసాగాడు.

ఆ పిల్ల నిన్న వచ్చింది, తుప్పు పట్టిన డబ్బాతో. అందులో వాళ్ళమ్మ పెళ్ళి రీలు, పాత అతుకులు ఊడిపోయి ఎనిమిది ముక్కలుగా ఉంది.

"నన్ను కనగానే అమ్మ పోయింది తాతగారూ. ఫొటోలు వరదలో పోయాయి. మిగిలింది ఇదొక్కటే. మొదటిసారి ఇంట్లో వేసినప్పుడే అమ్మ ఇటు తిరగబోయిన చోటల్లా బొమ్మ గెంతిందట. ముఖమే కనబడలేదట. అపశకునం అన్నారు. ఏడాది తిరక్కుండానే నేను పుట్టాను. తల్లిని మింగిన పిల్లనంటుంది నానమ్మ, ఇప్పటికీ. అతికితే ఒక్కచోటైనా అమ్మ ముఖం కనబడుతుందేమోనని..."

"ఎల్లుండి రామ్మా" అన్నాడాయన, అతి కష్టమ్మీద.

ఒక్కో ముక్కనూ కిటికీ వెలుగుకు అడ్డంపెట్టి చూశాడు. జడ, వీపు, కాస్త తిరిగిన చెంప. అంతలో ముక్క అయిపోతుంది. ఏడు చోట్లా అంతే. ఆమె ఎవరికోసమో ఆగినట్టుంది. ఆయనకు భయం వేసింది. అయినా బ్లేడు అందుకున్నాడు.

మర్నాడు అమ్మాయి రాగానే కిటికీలు మూసి, గోడకు దుప్పటి కట్టి, ప్రొజెక్టరు వేశాడు.

జడ. వీపు. పెళ్ళికూతురు ఇటు తిరిగింది. నవ్వింది. గడ్డం మీది సొట్ట అచ్చం అమ్మాయిదే. మళ్ళీ తిరిగింది, మళ్ళీ నవ్వింది. అమ్మాయి లేచివెళ్ళి ఆ ముఖం మీద చెయ్యి ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. తలుపు దగ్గర భార్య కూడా కళ్ళొత్తుకుంది.

కాసేపటికి అమ్మాయి తేరుకుంది.

"నేనిచ్చిన ముక్కల్లో ముఖం లేదు కదా. ఇదెక్కడిది తాతగారూ?"

ఆయన రెండు చేతులూ జోడించాడు.

"అందమైన ముఖం కనబడితే కోసి దాచుకునే ఆపరేటర్ల పాడలవాటుకొద్దీ, ఒకసారి ఆడించి చూడమని మీవాళ్ళు ఈ రీలు తెచ్చిస్తే, మీ అమ్మ ఇటు తిరిగిన ఏడు చోట్లా జానెడేసి కోసుకున్నది నేనేనమ్మా."