ఆడకుండా ఓడిన జట్టు

ఏడాదంతా కబడ్డీ సాధన చేసిన చింతమానుపల్లె హైస్కూలు అమ్మాయిలు మూడోసారీ ఓడిపోయారని మైదానానికి కబురొచ్చింది. పిల్లల చేతికి కట్టిన పట్టీలు పంపే బలం, వేగం కొలతలు చూసి, ఆట లేకుండానే యంత్రం గెలుపోటములు తేల్చే రోజులవి. మూడుసార్లు ఓడితే ఆ బడిలో ఇక కబడ్డీ ఉండదు.

"ఆడకుండానే ఎట్ల ఓడినాం మేడం?" అని కెప్టెన్ ఈరమ్మ ఏడ్చింది.

వ్యాయామ టీచర్ షమీమ్, గెలిచిన బడి టీచరుకు ఫోన్ చేసింది. "మీ పిల్లలతో ఒక్క ఆట ఆడించండి మేడం. మీ కాళ్ళు పట్టుకుంటా."

అవతలి టీచరు గొంతు తగ్గించింది.

"మావాళ్ళు కొలతలు పెంచే కసరత్తులే చేస్తారు మేడం. వాళ్ళకు కూత పెట్టడం కూడా రాదు."

షమీమ్ ఫోన్ దించింది. ఏడుగురు పిల్లలూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు.