నల్లదా, చెక్కదా?

“మెల్లిగా అనవే, వింటాడు,” అంది అక్క.

“వినరు,” అంది చెల్లెలు, బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుతూ.

వాళ్లిద్దరికీ వీపు పెట్టి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు చెల్లెలి భర్త. చెవులకి హెడ్‌ఫోన్లు. బల్ల మీద ఇంకో జత. ఒకటి నల్లది, ఇంకోటి చెక్క అంచులది. ఉదయం నుంచి ఒకే పాటలోని ఒకే చరణాన్ని ఒకసారి దీంట్లో, ఒకసారి దాంట్లో వింటున్నాడు. ఏది మేలో తేల్చి సాయంత్రానికి పత్రికకి రాసి పంపాలి.

“రెండూ ఒకేలా ఉన్నాయి గదే. ఏం తేడా కనిపెడతాడు?”

“ఆ తేడా చెప్పమంటే నాలుగు పేజీలు రాస్తారు. నేను జుట్టు కత్తిరించుకున్నానని కనిపెట్టడానికి మాత్రం నెల పట్టింది.”

అక్క నవ్వింది. “గానుగెద్దుకి కళ్లకి గంతలు కడతారు. మీ ఆయన చెవులకి కట్టుకున్నాడు.”

అతను విన్నాడు. ప్రతి అక్షరమూ విన్నాడు. అతను పెట్టుకునేవన్నీ, ఈ రెండు జతలతో సహా, వెనకవైపు మూత లేని రకం. చెవిని నిండా కప్పినట్టే కనిపిస్తాయి గాని, బయటివైపు ఉన్నది ఉత్త జాలీ. లోపల ఉల్లిపొర కన్నా పలచని పొర, దానికి అటూ ఇటూ అయస్కాంతాలు, అంతే. పాట తగ్గించి పెట్టుకుంటే గదిలో మాట సన్నగా, శుభ్రంగా లోపలికి వచ్చేస్తుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొదట్లో చెప్పే అవసరం రాలేదు. తర్వాత చెప్పాలనిపించలేదు. మొహాన ఎవరూ అనని మాటలు వెనకాల అంటారు. అవి వింటుంటే నొప్పిగానే ఉండేది. ఆ నొప్పి లేకపోతే తోచనంతగా అలవాటైపోయింది.

“అయితే ఖాయమేనా?” అక్క గొంతు తగ్గించింది.

“ఖాయమే. రెండుసార్లు వద్దన్న బదిలీ, ఈసారి నేనే అడిగి తీసుకున్నా. నాలుగింటికి కారొస్తుంది. మళ్లీ ఈ ఇంటికి రానక్కా.”

అతని వేలు తనంతట తనే పాటని ఆపేసింది.

ఆపినట్టు వాళ్లకి తెలియకూడదని తల మాత్రం ఊపుతూనే ఉన్నాడు. ఏదో ఒకటి రాయాలి గనక కాగితం మీద రాశాడు: నల్లది. ఆడగొంతు కాస్త దూరంగా ఉంది. అంచుల్లో లోహపు చలి.

“మీ ఆయనకి చెప్పావా మరి?”

“ఎప్పుడు చెప్పను? అన్నం దగ్గర ఏం చెప్పినా ‘ఊఁ’ అంటారు. మంచం దగ్గర చెబితే అదీ అనరు.”

“రేపు నలుగురూ అడుగుతారే. కొట్టాడా, తిట్టాడా, ఏమని చెబుతావు?”

“ఏమీ అనలేదని చెబుతా. పదకొండేళ్లు ఏమీ అనలేదని.”

పెట్టె జిప్పు సగందాకా వెళ్లి ఆగింది.

“ఉండిపొమ్మని ఒక్కసారి అంటే ఉండిపోతానక్కా,” అంది చెల్లెలు. “సిగ్గులేదనుకో. ఇప్పటికిప్పుడు కారు వెనక్కి పంపేస్తా.”

అతని గొంతులోకి ఆ మాట వచ్చేసింది. ఉండిపో. మూడక్షరాలు. హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగితే చాలు. కానీ తిరిగితే, ఎలా విన్నావని అడుగుతుంది. ఇవాళ్టిదొక్కటే కాదు, ఫోన్లో తల్లితో ఏడ్చిన రోజులూ, స్నేహితురాలికి తన గురించి చెప్పి నవ్విన రోజులూ, అన్నీ విన్నాడని తెలిసిపోతుంది. అన్నీ విని ఊరుకున్నవాడిగా ఆమె కళ్లముందు నిలబడటం కన్నా ఏమీ తెలియని మొద్దుగా మిగిలిపోవడమే నయమనిపించింది. వేరే దారి వెతికాడు. దొరికింది. ఎలాగూ జత మార్చాలి. మార్చేటప్పుడు చెవులు ఖాళీగా ఉంటాయి. అప్పుడే పెట్టెని చూసినట్టు, ఎక్కడికని అడగొచ్చు.

నల్లది తీశాడు. వెనక మాటలు ఠక్కున ఆగిపోయాయి. తిరిగి చూశాడు. భార్య అతన్నే చూస్తోంది.

“ఏంటండీ?” అంది.

“మంచినీళ్లు,” అన్నాడు.

తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

“ఇంకేమైనా కావాలా?”

“ఏం లేదు.”

“ఆలోచించుకుని చెప్పండి.”

“చెబుతున్నాగా, ఏం లేదని.”

చెక్కది పెట్టుకున్నాడు.

పాట పెట్టలేదు. తల ఊపడం మొదలుపెట్టాడు. చెక్కదాంట్లో గది ఇంకా విశాలంగా ఉంది. అక్క గుమ్మం దగ్గర, భార్య చెవికి జానెడు దూరంలో ఉన్నట్టు. ముక్కు ఎగబీల్చడం, ఊపిరి వదలడం, జిప్పు చివరిదాకా వెళ్లడం, ఏ చప్పుడుకా చప్పుడు విడివిడిగా వినిపించాయి. రాశాడు: చెక్కదే మేలు. గొంతులో తడి కూడా తెలుస్తోంది.

కింద కారు హారన్ మోగింది. పెట్టె చక్రాలు గుమ్మందాకా దొర్లాయి. అతను కళ్లు మూసుకుని, ఇంకాస్త గట్టిగా తల ఊపాడు.

గుమ్మంలో అక్క ఆగింది. “ఎంతైనా మొగుడు. ఒక్కమాట చెప్పి రావే. పాటలో మునిగిపోయి ఉన్నాడు, పాపం, ఏమీ తెలీదు.”

“ఏం పాటక్కా?” చెప్పులు వేసుకుంటూ అంది చెల్లెలు. “అది పెట్టుకుంటే లోపలి పాట ఆ జాలీలోంచి గదంతా వినిపిస్తుంది. మళ్లీ రానని నేనన్నప్పుడే ఆగిపోయింది.”